మూడో ఎనిమిది గంటలు ఎవరివి?

2023లో కర్ణాటక శాసనసభ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, రోజు పనిని 12 గంటల వరకు పెంచుకోవడానికి దారి తెరిచింది. వారానికి 48 గంటలు దాటకూడదన్నారు, కార్మికుని రాతపూర్వక సమ్మతి ఉండాలన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ ఇటువంటి బిల్లునే ఆమోదించింది. అక్కడి యూనియన్లు జెండాల రంగులు పక్కనపెట్టి ఒక్కటిగా ఎదురుతిరిగాయి. మే 1న ముఖ్యమంత్రి ఆ బిల్లును వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర మంత్రివర్గం కూడా రోజు పని పరిమితిని 9 నుంచి 12 గంటలకు పెంచాలని నిర్ణయించింది. అక్కడా సమ్మతి అన్న మాట ఉంది.

ఈ సమ్మతి అన్న మాట దగ్గర మనం కొంచెంసేపు ఆగాలి. భివండిలో, ఇచల్‌కరంజిలో సాంచాల మీద పనిచేసే మనవాళ్లకు ఇది నవ్వొచ్చే మాటే. వాళ్లు ఏ సంతకమూ లేకుండానే ఏళ్ల తరబడి 12 గంటల షిఫ్టు చేస్తున్నారు. మిల్లులో పనిచేసేవానికి మాత్రం ఇది కొత్త సంగతి. సమ్మతి పత్రం మీద సంతకం చేసేటప్పుడు మేనేజరు బల్లకు అవతల ఒక్కడే నిలబడతాడు. పక్కన జత కార్మికుడు ఉండడు, యూనియన్ ఉండదు. చేయనన్నవాడికి మర్నాడు గేటు దగ్గర ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అయితే మన కుర్రవాళ్లు కొందరు అడుగుతున్న ప్రశ్నను కూడా దాచుకోకూడదు. నా కష్టం నాది, నా ఇష్టం నాది, నాలుగు డబ్బులు ఎక్కువొస్తే నేను సంతకం పెడతాను, మధ్యలో యూనియన్‌కేం పని అని వారంటున్నారు. కోపం తెచ్చుకుంటే లాభం లేదు. ఈ ఆలోచన వాళ్ల సొంతం కాదు. దీనికొక పుట్టిన ఊరుంది, పెరిగిన చరిత్ర ఉంది. అమెరికా సంస్కృతి అనగానే జీన్సు ప్యాంటు, కోకాకోలా, ఎంటీవీ అని తిట్టి ఊరుకోవడం మన కార్మిక పత్రికలకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఈ పత్రికా అందుకు మినహాయింపు కాదు. అమెరికాలోనూ మిల్లులున్నాయనీ, ఆ మిల్లుల్లో మనవంటివాళ్లే పనిచేశారనీ, ఈ సంస్కృతి ముందుగా వాళ్ల మీదే ప్రయోగమైందనీ మనం తరచు మరచిపోతాం.

అందుకని ఒక ఊరిని తీసుకుందాం. పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్స్‌బర్గ్. మన పాఠకుల్లో పద్మశాలి ఇళ్లవాళ్లు ఎక్కువ కనుక అక్కడి ఒక నేతగాని కొడుకు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

స్కాట్లండ్‌లో డన్‌ఫర్మ్‌లిన్ అని ఒక నేత ఊరు. అక్కడ విలియం కార్నెగీ అనే ఆయన చేతిమగ్గం మీద డమాస్క్ బట్ట నేసేవాడు. ఆవిరి మగ్గాలొచ్చి ఆయన పని పడిపోయింది. 1848లో అప్పుచేసి ఇంటిల్లిపాదీ ఓడెక్కి అమెరికా చేరి, పిట్స్‌బర్గ్ పక్కనున్న అలెఘనీలో కాపురం పెట్టారు. తండ్రీ కొడుకులిద్దరూ అక్కడి నూలుమిల్లులో చేరారు. పదమూడేళ్ల కొడుకు ఆండ్రూకు కండెలు అందించే పని, వారానికి ఒక డాలరు 20 సెంట్లు. తండ్రి మిల్లులో ఇమడలేకపోయాడు. మళ్లీ చేతిమగ్గం పెట్టుకుని, నేసిన బట్ట తానే ఇల్లిల్లూ తిరిగి అమ్ముకున్నాడు. సోలాపూర్‌లో గాని భివండిలో గాని ఈ కథ తెలియని నేత కుటుంబం ఉంటుందా?

ఆ కొడుకే ఉక్కు రాజైన ఆండ్రూ కార్నెగీ. టెలిగ్రాఫు ఆఫీసులో చేరి, రైల్వే కంపెనీలో పైకొచ్చి, ఉక్కు ఫ్యాక్టరీలు పెట్టి, 1901లో వాటిని 48 కోట్ల డాలర్లకు అమ్మాడు. కండెలు అందించిన కుర్రవాడు ప్రపంచంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడంటే, కష్టపడితే ఎవరైనా కావచ్చునన్నమాటే గదా అని ఆ దేశమంతా చెప్పుకున్నారు. అప్పటికే ఇటువంటి కథలకు అక్కడ పెద్ద గిరాకీ ఉండేది. హొరేషియో ఆల్జర్ అనే రచయిత 1868లో రాసిన ‘ర్యాగెడ్ డిక్’ నవల పేరుమోసింది. బూట్లు పాలిష్ చేసే అనాథ కుర్రవాడు నిజాయితీతో, కష్టంతో గుమాస్తా అవుతాడు. కాని ఆ నవలలో కూడా చివరికి పిల్లవాడికి ఉద్యోగం ఎలా వచ్చిందో చూడండి. నీళ్లలో పడిన ఒక షావుకారు బిడ్డను రక్షించాడు గనుక ఆ షావుకారు పని ఇచ్చాడు! కల్పిత కథలో సైతం సొంత కష్టం ఒక్కటే సరిపోలేదు, ధనవంతుడి దయ కావలసి వచ్చింది.

కార్నెగీ ఇంటివాళ్లు స్కాట్లండ్‌లో చార్టిస్టు ఉద్యమంలో తిరిగినవాళ్లు. ఆయన కూడా 1886లో ఒక పత్రికలో, కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కుందని రాశాడు. ఆరేళ్లు తిరక్కుండానే 1892లో పిట్స్‌బర్గ్ పక్కన హోమ్‌స్టెడ్‌లోని ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో వేతనాల కోతకు ఒప్పుకోని యూనియన్‌ను బయటకు నెట్టడానికి లాకౌటు చేశారు. కార్నెగీ స్కాట్లండ్‌లో ఉండిపోయి, వ్యవహారమంతా హెన్రీ ఫ్రిక్ అనే మేనేజరుకు వదిలాడు. జూలై 6న 300 మంది పింకర్టన్ గార్డులు తుపాకులతో పడవల్లో నది మీదుగా వచ్చారు. ఒడ్డున కార్మికులు, ఆడవాళ్లు, పిల్లలు కూడా అడ్డునిలిచారు. రెండువైపులా ప్రాణాలు పోయాయి. తర్వాత వేల సంఖ్యలో రాష్ట్ర సైనికులు దిగారు. నవంబరుకు సమ్మె ఓడిపోయింది. ఆ తర్వాత దాదాపు నలభై ఐదేళ్లు హోమ్‌స్టెడ్‌లో యూనియన్ నిలదొక్కుకోలేదు. రోజుకు 12 గంటలు, రెండు వారాలకొకసారి షిఫ్టు మారేటప్పుడు ఏకధాటిగా 24 గంటలు పని.

1898లో కార్నెగీ అదే ఊరికి గొప్ప గ్రంథాలయం కట్టించి ఇచ్చాడు. సంగీతశాల, ఈతకొలను కూడా పెట్టించాడు. ఇలాంటివి ప్రపంచమంతటా ఆయన 2,500 పైగా కట్టించాడు. మంచి పనే, కాదనం. 1889లో రాసిన వ్యాసంలో ఆయన తన వాదం దాచుకోలేదు. మిగులు డబ్బును కూలీలుగా చిన్న చిన్న మొత్తాల్లో పంచితే అది తిండికీ తాగుడికీ పోతుంది, తెలిసిన ధనవంతుడు ఖర్చు పెడితే అందరికీ మేలు అన్నాడు. కాని 12 గంటలు కొలిమి ముందు నిలబడి ఇంటికొచ్చినవాడు పుస్తకం ఎప్పుడు తెరుస్తాడు? ఆయన ఇచ్చినదాంట్లో గ్రంథాలయం ఉంది, చదువుకునే వేళ లేదు.

ఆ వేళ కోసమే అమెరికా కార్మికులు పోరాడారు. 1886 మే 1, షికాగో సంగతి మనకు ప్రతి మేడేకూ చెప్పుకునేదే. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు నిద్ర, మూడో ఎనిమిది గంటలు మా ఇష్టం అన్నది వారి కోరిక. మొదటి రెండింటి గురించే మనం ఎక్కువగా మాట్లాడతాం. అసలు తగువంతా మూడోదాని మీదే ఉంది.

1905వ సంవత్సరంలో జరిగిన రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడాలి. న్యూయార్క్ రాష్ట్రం రొట్టెల బట్టీలలో పని రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు దాటరాదని ఒక చట్టం చేసింది. లాక్నర్ అనే బట్టీ యజమాని సుప్రీంకోర్టుకెక్కాడు. అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచి ఆ పరిమితిని కొట్టేశారు. వారు చెప్పిన కారణం ఏమిటి? ఎన్ని గంటలు పనిచేయాలో యజమానితో ఒప్పందం చేసుకోవడం కార్మికుని వ్యక్తిగత స్వేచ్ఛ, ప్రభుత్వం దాన్ని హరించరాదు అని! పిండి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాడి స్వేచ్ఛను యజమాని తరపు వకీలు కాపాడాడు. మన సమ్మతి పత్రానికి తాతను చూడాలంటే ఈ తీర్పును చూడాలి.

రెండోది అదే ఏడాది జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో జరిగింది. స్మిత్‌ఫీల్డ్ వీధిలోని ఒక దుకాణపు గదిలో కుర్చీలు వేసి, ఐదు సెంట్ల టిక్కెట్టుతో సినిమా బొమ్మలు చూపించడం మొదలుపెట్టారు. ఐదు సెంట్ల నాణేన్ని అక్కడ నికెల్ అంటారు కనుక దానికి నికెలోడియన్ అని పేరు. జనం విరగబడ్డారు. కొన్నేళ్లలో అమెరికా పట్టణాలన్నిటా ఇటువంటివి వేల సంఖ్యలో వెలిశాయి. మూగ సినిమా గనుక భాష అక్కరలేదు. పోలండు నుంచి, ఇటలీ నుంచి, హంగరీ నుంచి వచ్చిన కూలీలు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే చోట నవ్వారు. సారా దుకాణానికి వెళ్లలేని ఆడవాళ్లు చంటిపిల్లలతో ఇక్కడికి వచ్చారు. దీన్ని మనం చిన్నచూపు చూడనక్కరలేదు. బొంబాయి మిల్లులో రాత్రి షిఫ్టు దిగి మార్నింగ్ షోకి పోయిన పెద్దవాళ్లు మన ఇళ్లలో లేరా? కష్టజీవికి వినోదం కావాలి. దాన్ని అతనికి ఎవరు అందిస్తారు, ఏం చెప్పి అందిస్తారు అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డు దగ్గర దొరుకుతుంది. 1913లో ఆయన కదిలే పట్టా మీద కారు బిగించే పద్ధతి పెట్టాడు. ఒకే బోల్టు, ఒకే మర, రోజంతా. కార్మికులు నిలవలేక పారిపోయారు. దానితో 1914 జనవరిలో 8 గంటల పని, రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాడు. అప్పటి కూలికి అది దాదాపు రెట్టింపు. కాని ఊరికే ఇవ్వలేదు. కార్మికుడు ఇంట్లో శుభ్రంగా ఉంటున్నాడా, తాగుతున్నాడా, డబ్బు దాస్తున్నాడా అని చూడటానికి ఇళ్లకు ఇన్‌స్పెక్టర్లను పంపాడు. 1926లో వారానికి ఐదు రోజుల పని పెట్టినప్పుడు ఆయన ఇంకా సూటిగా మాట్లాడాడు. కార్మికునికి తీరిక ఉంటేనే సరుకులు కొంటాడు, కారు ఎక్కి తిరగడానికి వేళ లేనివాడు కారెందుకు కొంటాడు అన్నది ఆయన వాదం. అంటే కార్మికులు నలభై ఏళ్లు రక్తం ధారపోసి అడిగిన మూడో ఎనిమిది గంటలను పెట్టుబడి అప్పటికి గుర్తించింది. అందులో మార్కెట్ ఉందని కనిపెట్టింది. చేతిలో డబ్బు లేకపోతే వాయిదాల మీద ఇచ్చారు. జనరల్ మోటార్స్ 1919లోనే అందుకొక అప్పుల కంపెనీ తెరిచింది. వాయిదా కట్టవలసినవాడు సమ్మెకు దిగే ముందు పదిసార్లు ఆలోచిస్తాడని వేరే చెప్పాలా?

పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఉక్కు కార్మికులు 1919లో మళ్లీ లేచారు. దేశమంతటా మూడున్నర లక్షలమంది ఎనిమిది గంటల కోసం సమ్మెచేసి 1920 జనవరిలో ఓడిపోయారు. అదే ఏడాది నవంబరు 2న, ఆ ఊళ్లోనే వెస్టింగ్‌హౌస్ ఫ్యాక్టరీ పైకప్పు మీది చిన్న గదిలో నుంచి కేడీకేఏ రేడియో అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చెప్పింది. వెస్టింగ్‌హౌస్ రేడియో పెట్టెలు తయారుచేసే కంపెనీ. పెట్టెలు అమ్ముడుపోవాలంటే అందులో ఏదో ఒకటి వినబడాలి. ఇలా ఒక్కొక్క ఇంటికీ ఒక్కొక్క పెట్టె చేరింది. నికెలోడియన్‌లో పక్కవాడు ఉండేవాడు. రేడియో దగ్గరికొచ్చేసరికి ఇంటివాళ్లే మిగిలారు.

ఇంతటితో ఆపితే యంత్రాలను తిట్టినట్టవుతుంది. కథ అలా లేదు. 1912లో మసాచుసెట్స్ రాష్ట్రంలో లారెన్స్ మిల్లుల సమ్మె జరిగింది. చట్టం ఆడవాళ్లకూ పిల్లలకూ పని వారానికి 56 గంటల నుంచి 54కు తగ్గిస్తే, యజమానులు ఆ రెండు గంటల కూలి కోశారు. కవర్లలో సుమారు 32 సెంట్లు తక్కువొచ్చాయి. 20 వేలమందికి పైగా బయటికొచ్చారు. ఎన్నో దేశాలవాళ్లు, ఎన్నో భాషలు. సమావేశాల్లో ప్రతి మాటనూ ఎవరి భాషలోకి వారికి తర్జుమా చేసి చెప్పారు. రెండు నెలలకు గెలిచారు. మరాఠీ, తెలుగు, హిందీ, ఉర్దూలలో గేటు మీటింగులు పెట్టిన మనకు ఆ శ్రమ ఎంతదో తెలుసు.

1934లో దేశవ్యాప్తంగా దాదాపు 4 లక్షలమంది బట్టల మిల్లుల కార్మికులు సమ్మెచేశారు. ముఖ్య కారణం, ఒక్కొక్కరి మీద మరిన్ని మగ్గాలు వేసి కూలి పెంచకపోవడం. మన సాంచాల మీద ఇది రోజూ చూస్తున్నదే. దక్షిణాది రాష్ట్రాల్లో మిల్లులు దూర దూరంగా ఉంటాయి, మిల్లు కాలనీ మిల్లు యజమానిదే. అక్కడ కార్మికులు ఏం చేశారు? ఫోర్డు, జనరల్ మోటార్స్ అమ్మిన పాత కార్లన్నీ బారులు తీర్చి, ఒక మిల్లు మూయించి, అక్కడివాళ్లను ఎక్కించుకుని తర్వాతి మిల్లుకు పోయారు. ఆ కారు బారులకు ఎగిరే దళాలని పేరు. ఒక్కడి షోకుకని అమ్మిన కారు నలుగురి పనికొచ్చింది. సెప్టెంబరు 6న సౌత్ కరొలినాలోని హనియా పాత్ మిల్లు గేటు దగ్గర కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. మూడు వారాలకు సమ్మె విరమించారు. పాల్గొన్నవాళ్లను పనిలో పెట్టుకోలేదు, ఇళ్లు ఖాళీ చేయించారు. అరవై ఏళ్లదాకా ఆ ఊళ్లలో తల్లిదండ్రులు పిల్లలకు ఆ సంగతే చెప్పలేదు. 1995లో గాని ఆ ఏడుగురికి స్మారకం లేవలేదు.

అయినా ఆ ఓటమి వృథా పోలేదు. 1935లో సంఘం పెట్టుకునే హక్కుకు చట్టం వచ్చింది. 1937 మార్చిలో, కార్నెగీ ఫ్యాక్టరీలను కలుపుకున్న యూఎస్ స్టీల్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని వారానికి 40 గంటల పని ఒప్పుకుంది. అదే నెలలో సుప్రీంకోర్టు స్త్రీల కనీస వేతన చట్టాన్ని సమర్థిస్తూ, వ్యక్తిగత ఒప్పంద స్వేచ్ఛ అన్న పాత వాదాన్ని పక్కన పెట్టింది. కార్మికులు కలిసి నిలబడిన తర్వాతే ఆ స్వేచ్ఛకు వేరే అర్థం ఉందని కోర్టుకు తోచింది.

వ్యక్తి స్వేచ్ఛను మనం తక్కువ చేయడం లేదు. 1830లలో లోవెల్ నూలుమిల్లుల్లో చేరిన పల్లెటూరి ఆడపిల్లలు మొదటిసారి సొంత కూలి చేతిలో పట్టుకున్నారు. తండ్రి చెప్పుచేతల్లోంచి బయటపడ్డారు. ఆ పిల్లలే 1834లో, 1836లో సమ్మెకు దిగారు. తెలంగాణ పల్లెల్లో వెట్టి చాకిరీ, కులపెద్దల పెత్తనం తప్పించుకుని బొంబాయి మిల్లు గేటు దగ్గర నిలబడ్డ మన తాతలు కూడా అటువంటి స్వేచ్ఛనే వెతుక్కున్నారు. నా బతుకు నాది అని వాళ్లూ అన్నారు. తర్వాత యూనియన్ రసీదు కూడా తెంపించుకున్నారు. ఆ రెంటికీ వైరం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నారు. కుర్రవాడి జేబులోని ఫోను రోజంతా చెబుతోంది. ఒంటరిగా కోటీశ్వరుడైనవాని కథ ముప్పై సెకన్లలో ముగుస్తుంది, వెంటనే ఇంకొకటి. ఆల్జర్ నవలలో ఉన్న షావుకారు కూడా అందులో ఉండడు. ఫోను వాయిదాల మీద కొన్నదే. అది చూడటానికి వేళ ఎక్కడిది? 8 గంటల షిఫ్టు దిగాక మిగిలిన వేళ. రేపు 12 గంటల పత్రం మీద సంతకం పెడితే, రానూపోనూ రెండు గంటలు తీసేస్తే, నిద్ర కోసుకోవలసిందే. వారానికి 48 గంటలే కదా, మూడు రోజులు సెలవు కదా అంటారు. అమెరికా ఉక్కు కార్మికుడు 12 గంటల పని గురించి చెప్పిన దానికి కాగితం మీది లెక్క జవాబు కాదు. రోజుకు రోజు పిల్లల మొహం చూడలేదన్నదే అతని బాధ.

కనుక మన కోరిక స్పష్టం. సమ్మతి పత్రం అంటూ వస్తే అది యూనియన్ ద్వారా రావాలి. ఏ కార్మికుడూ, ముఖ్యంగా బదిలీ, కాంట్రాక్టు కార్మికుడు, మేనేజరు గదిలో ఒక్కడే సంతకం పెట్టవద్దు. పత్రం ఇస్తే తీసుకుని, చదివి చెబుతామని చెప్పి, యూనియన్ ఆఫీసుకు తేవాలి. తమిళనాడులో 2023లో ఆ బిల్లు ఆగింది. ఎలా ఆగిందో మన చెన్నై, కోయంబత్తూరు మిత్రులను అడిగితే చెబుతారు.

హోమ్‌స్టెడ్ ఫ్యాక్టరీ 1986లో మూతపడింది. ఆ నేల మీద 1999లో వాటర్‌ఫ్రంట్ అనే షాపింగ్ సెంటరు తెరిచారు. దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్లు ఉన్నాయి. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు నేల మీద లేచిన మాల్‌ను చూసినవారికి అది ఎలా ఉంటుందో వర్ణించనక్కరలేదు. 1982 జనవరి 18న సమ్మెకు దిగిన రెండున్నర లక్షలమందిలో ఎందరి పిల్లలో ఇవాళ అటువంటి మాళ్లలో కాపలా కాస్తున్నారు. 1892లో పింకర్టన్ల పడవలు ఆగిన చోట పాత పంపుహౌసు ఒకటి మిగిల్చారు. ఫ్యాక్టరీవి పన్నెండు ఇటుక చిమ్నీలు వరసగా అలాగే ఉంచారు. వాటి పక్కనుంచే జనం సినిమాకు పోతుంటారు.